టర్కీ కోళ్ల మేతలో ప్రీబయోటిక్‌లు: సిఫారసుకు ముందు జరగవలసిన పరీక్ష

హైదరాబాదులోని తార్నాకకు పోషణ శాస్త్రంతో గాఢమైన అనుబంధం ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే గదిలో ఆరంభించిన విభాగం క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాల్లో కొనసాగుతున్నది. మనిషి తినే ఆహారం ఇక్కడి అధ్యయన విషయం. ఆ ఆహారంలో భాగమైన కోడి ఏమి తినాలన్నది నగరానికి మరో దిక్కున, రాజేంద్రనగర్‌లో 1988 నుంచి పనిచేస్తున్న కోళ్ల పరిశోధన సంస్థలోనూ, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ పరిశీలిస్తారు. కోసిన తరువాత మాంసం ఎట్లా ఉన్నదో ఉప్పల్ దాటిన తరువాత వచ్చే చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ చూస్తుంది. మేత, మాంసం, మనిషి అనే మూడు మజిలీలకూ ఒకే నగరంలో మూడు పరిశోధనాస్థానాలు ఉండడం అరుదైన అవకాశం.

మాంసం కోసం పెంచే టర్కీ కోళ్ల దాణాలో ప్రీబయోటిక్‌లు కలపాలా అన్న ప్రశ్న ఈ మూడు మజిలీలకూ సంబంధించినది. ప్రీబయోటిక్‌లు నిరపాయకరమైనవి, శాస్త్రీయ ఆధారం గలవి, యాంటీబయోటిక్‌ల వాడకాన్ని తగ్గించే మార్గంలో ఉపయోగపడగలవి. అయినా బ్రాయిలర్ కోళ్లలో వచ్చిన ఫలితాలనే టర్కీకి వర్తింపజేసి, మొదటి రోజు నుంచి అమ్మకం రోజు వరకు ఒకే మోతాదులో వాడమని రైతుకు చెప్పడం సరికాదు. టర్కీ పిల్ల తొలి వారాల్లో, శుభ్రమైన దాణా, సరైన వెచ్చదనం ఉన్న కొట్టంలో, లెక్క చూసుకొని వాడవలసిన పదార్థమిది. ఈ హద్దులను నిర్ణయించే స్థానిక పరీక్షలు జరిపించడం విస్తరణ శాస్త్రవేత్తల తక్షణ కర్తవ్యం.

యాంటీబయోటిక్ వదిలిన ఖాళీ

ప్రీబయోటిక్‌ల అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్లాలి. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించారు. ఆయన నాయకత్వ కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో సుబ్బారావు మరణించారు. ఆ సమయంలోనే అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లలకు విటమిన్ బి12 అందించే చౌక వనరు కోసం వెదకుతూ, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పులియబెట్టిన పదార్థాన్ని మేతలో కలిపి చూశారు. పిల్లలు విటమిన్ వల్ల పెరగవలసినదానికన్నా ఎక్కువ పెరిగాయి. ఆ పదార్థంలో మిగిలి ఉన్న యాంటీబయోటిక్ దీనికి కారణమని తేలింది. ప్రాణాలు నిలిపే మందుగా పుట్టిన పదార్థం దాణాలో రోజువారీ దినుసుగా మారిన కథకు ఇదే ఆరంభం.

తక్కువ మోతాదులో నిరంతరం వాడిన మందుకు సూక్ష్మజీవులు లొంగకుండా పోవడం అనివార్యం. స్వీడన్ 1986లోనే పెరుగుదల కోసం యాంటీబయోటిక్‌లు వాడడాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి పూర్తిగా నిలిపివేసింది. భారతదేశంలో మనుషులకు చివరి ఆయుధంగా మిగిలిన కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడకుండా 2019 జులైలో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఈ పరిణామాలన్నీ రైతు ముందు ఒక ఖాళీని ఉంచాయి. అలవాటైన పొడి లేనప్పుడు దాని బదులు ఏది కలపాలన్నది ఆ ఖాళీ. ప్రీబయోటిక్‌లు, ప్రోబయోటిక్‌లు, సేంద్రియ ఆమ్లాలు, మూలికా సారాలు అన్నీ ఈ ఖాళీలోకే వచ్చి చేరుతున్నాయి. పాత పొడి స్థానంలో కొత్త పొడి చేరినంత మాత్రాన పెంపకం మారినట్టు కాదు. ఇల్లు అలకగానే పండుగ కాదు.

పనిచేసే తీరు

కోడి తనంతట తాను జీర్ణం చేసుకోలేనిదై, పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఎంపికగా ఆహారమై, తద్వారా కోడికి ఆరోగ్య లాభం చేకూర్చే పదార్థమే ప్రీబయోటిక్. గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ 1995లో ఈ భావనకు రూపం ఇచ్చారు. ఇన్యులిన్, ఫ్రక్టో ఆలిగోశాకరైడ్‌లు, జైలో ఆలిగోశాకరైడ్‌లు ఈ కోవలోనివి. ఇవి చిన్న పేగును దాటి, టర్కీలో బాగా అభివృద్ధి చెందిన జంట అంధనాళాలకు చేరి, అక్కడ పులిసి, ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలుగా మారుతాయి. ఆమ్లత పెరిగిన చోట సాల్మొనెల్లా వంటివి సులభంగా స్థిరపడలేవు. బ్యూటిరిక్ ఆమ్లం పేగు గోడ కణాలకు నేరుగా శక్తినిస్తుంది.

ఈస్ట్ కణాల గోడ నుంచి తీసే మన్నాన్ ఆలిగోశాకరైడ్‌ల తీరు వేరు. ఇ. కోలి, సాల్మొనెల్లా సూక్ష్మజీవులు పేగు గోడపై ఉండే మన్నోస్ చక్కెరను తమ రోమాల వంటి తంతువులతో పట్టుకొని అతుక్కుంటాయి. మేతలో వచ్చిన మన్నాన్ ఆ తంతువులకు ఎరగా పనిచేసి, వాటిని రెట్టతో బయటకు పంపుతుంది. కచ్చితమైన అర్థంలో ఇది సూక్ష్మజీవులను పోషించేది కాదు, దారి మళ్లించేది. విపణిలో రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతున్నందున విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఒకదానితో జరిగిన ప్రయోగ ఫలితం రెండవదానికి సాక్ష్యం కాదు.

ప్రోబయోటిక్‌లతో పోలిస్తే వీటికి ఒక ఆచరణాత్మకమైన మేలు ఉన్నది. ఇవి సజీవ పదార్థాలు కావు. గుళికల దాణా తయారీలోని వేడికీ, మే నెలలో రేకుల కప్పు కింద నిలవ ఉన్న సంచిలోని ఉక్కకూ నశించిపోవు. మందులు కావు గనుక కోతకు ముందు ఆపవలసిన గడువు, మాంసంలో అవశేషాల భయం కూడా ఉండవు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాతావరణంలో ఇవి చిన్న విషయాలు కావు.

అసలు ప్రమాదం తొలి నాలుగు వారాలది

టర్కీ పెంపకంలో నష్టం ఎక్కువగా ఎక్కడ వస్తుందో తెలిస్తే ప్రీబయోటిక్ ఎప్పుడు ఇవ్వాలో కూడా తెలుస్తుంది. 28 రోజుల పొదుగు తరువాత వెలువడిన టర్కీ పిల్ల కోడిపిల్లంత చురుకైనది కాదు. దాని చూపు మందం, బెదురు ఎక్కువ. దాణా పక్కనే ఉన్నా, నీరు ఎదుటే ఉన్నా గుర్తించక ఆకలితో చనిపోవడం అనుభవజ్ఞులైన పెంపకందార్లకు తెలిసిన విషయమే. అందుకే దేశీయ విస్తరణ సాహిత్యం ఎంతోకాలంగా ఒక సలహా ఇస్తున్నది: మొదటి 15 రోజులు లీటరు నీటికి 100 మిల్లీలీటర్ల పాలు కలిపి తాగించాలి, పది పిల్లలకు ఒకటి చొప్పున ఉడికించిన గుడ్డు తినిపించాలి.

ఈ సలహాను సాధారణంగా మాంసకృత్తుల కోణంలోనే వివరిస్తారు. కానీ పక్షులకు పాలలోని లాక్టోస్‌ను జీర్ణం చేసుకొనే ఎంజైము లేదు. ఆ చక్కెర జీర్ణం కాకుండా అంధనాళానికి చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. మేతలో లాక్టోస్ ఇచ్చినప్పుడు కోడిపిల్లల పేగులో సాల్మొనెల్లా తగ్గుతుందని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు టెక్సాస్‌లో చూపారు. అంటే పాలు కలిపిన నీరు ఇస్తున్న రైతు, ఆ మాట వినకముందే ప్రీబయోటిక్ వాడుతున్నట్టే. పాల కేంద్రాల్లో మిగిలిపోయే విరుగుడు నీటిలోనూ ఇదే చక్కెర సమృద్ధిగా ఉంటుంది. ఖరీదైన సంచిని సిఫారసు చేయడానికి ముందు, ఈ చౌక పద్ధతితో దానిని పోల్చి చూడవలసిన బాధ్యత పరిశోధకులపై ఉన్నది. అయితే పాలలోనూ జాగ్రత్త అవసరం. మోతాదు మించితే రెట్ట పలచబడుతుంది, పరుపు తడుస్తుంది. వేసవిలో పాలు కలిపిన నీరు కొద్ది గంటల్లోనే చెడిపోతుంది గనుక తొట్లను పూటపూటకూ కడగాలి.

మరొక సంగతి కూడా గమనింపదగినది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఎస్కో నూర్మి తన సహచరుడితో కలిసి 1973లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పెద్ద కోళ్ల పేగులోని సూక్ష్మజీవులను అప్పుడే పుట్టిన పిల్లలకు అందిస్తే అవి సాల్మొనెల్లాను తట్టుకొంటాయి. పొదుగు యంత్రంలో పుట్టిన పిల్ల తల్లి స్పర్శ ఎరుగదు. దాని పేగులో మేలు చేసే సూక్ష్మజీవులు ఇంకా స్థిరపడి ఉండవు. అటువంటి పేగులోకి ప్రీబయోటిక్ ఒక్కటే పంపడం అతిథులు రాకముందే విస్తళ్లలో వడ్డించడం వంటిది. టర్కీ పిల్లల విషయంలో మేలైన సూక్ష్మజీవులను, వాటి ఆహారాన్ని కలిపి ఇచ్చే పద్ధతిని ప్రత్యేకంగా పరీక్షించాలనడానికి ఇదే కారణం.

దాణాలో అప్పటికే ఉన్నవి

ప్రీబయోటిక్ గురించి ఆలోచించేటప్పుడు దానిని కలపబోయే దాణాలో ఏమున్నదో ముందుగా చూడాలి. టర్కీ పిల్లలకు మొదటి నాలుగు వారాలు 28 శాతం మాంసకృత్తులు కావాలి. బ్రాయిలర్ పిల్లల దాణా కన్నా ఇది చాలా ఎక్కువ. ఇంత మాంసకృత్తును మొక్కజొన్న, సోయా పిండితోనే సమకూర్చితే దాణాలో దాదాపు సగం సోయా పిండే అవుతుంది. సోయా పిండిలో రాఫినోస్, స్టాకియోస్ అనే ఆలిగోశాకరైడ్‌లు కలిపి సుమారు 5 నుంచి 6 శాతం ఉంటాయి. కోడి వీటినీ జీర్ణం చేసుకోలేదు. ఇవీ అంధనాళంలోనే పులుస్తాయి. అంటే దాణాలో అప్పటికే రెండున్నర శాతం మేర పులిసే చక్కెరలు ఉండగా, పైనుంచి 0.1 శాతం మరొకటి కలుపుతున్నామన్నమాట. మిక్కిలి తక్కువ సోయా ఉన్న ఐరోపా దాణాలో వచ్చిన ఫలితం ఇక్కడ అట్లాగే రావాలని లేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలన్న భావన కూడా నిలువదు. తడి పరుపు, అమ్మోనియా వాసన, పాదాల పుండ్లు దాని పర్యవసానాలు కావచ్చు.

రెండవది బూజు విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు అంతుచిక్కని వ్యాధితో మరణించాయి. కారణం తెలియక దానిని టర్కీ ఎక్స్ వ్యాధి అన్నారు. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు అందుకు కారణమని తరువాత తెలిసింది. అఫ్లటాక్సిన్ అన్న పేరు లోకానికి పరిచయమైనది అప్పుడే. కోడి కన్నా టర్కీ ఈ విషానికి ఎన్నో రెట్లు సులభంగా లొంగుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన ప్రాంతాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించినప్పుడు, ఆ విషాదానికి అఫ్లటాక్సిన్ కారణమని నిర్ధారించిన పరిశోధన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థదే. ఇంగ్లండులో టర్కీని చంపిన విషమూ, పశ్చిమ భారతంలో మనుషులను చంపిన విషమూ ఒక్కటే. వేరుశనగ చెక్క, మొక్కజొన్న రెండూ విరివిగా వాడే తెలుగు ప్రాంతాల్లో, వానాకాలపు తేమలో నిలవ ఉన్న దాణాతో పెరిగే టర్కీకి ప్రీబయోటిక్ ఇచ్చి ఫలితం రాలేదనడంలో అర్థం లేదు. కాలేయం దెబ్బతిన్న పక్షికి పేగు పోషణ చేసి లాభమేమి?

మూడవది నల్లతల వ్యాధి. కోళ్లలో కనిపించని రూపంలో దాగి ఉండే హిస్టోమోనాస్ పరాన్నజీవి, అంధనాళపు నులిపురుగుల గుడ్ల ద్వారా టర్కీకి సోకి మందలనే తుడిచిపెట్టగలదు. దీనికి వాడుతూ వచ్చిన ఆర్సెనిక్ ఆధారిత మందును అమెరికాలో 2015లో విపణి నుంచి తొలగించారు. నాటుకోళ్లతో కలిపి ఒకే పెరటిలో టర్కీలను పెంచడం మానడం తప్ప దీనికి నమ్మదగిన నివారణ లేదు. ఏ సంచిలోని పొడీ ఈ పనిని చేయలేదు.

లాభనష్టాల లెక్క

రైతుకు చివరికి మిగిలేది లెక్క. ఒక టర్కీ అమ్మకం నాటికి 24 కిలోల దాణా తింటుందనీ, దాణా కిలో 40 రూపాయలనీ, ప్రీబయోటిక్ కిలో 400 రూపాయలనీ, టన్ను దాణాకు ఒక కిలో కలుపుతారనీ అనుకొంటే, దాణా ఖర్చు 960 రూపాయలు, ప్రీబయోటిక్ ఖర్చు 9 రూపాయల 60 పైసలు అవుతుంది. ఇవి ఉదాహరణ కోసం తీసుకొన్న ధరలు; ప్రతి రైతూ తన ఊరి ధరలు వేసుకోవచ్చు. ఈ ఖర్చు పూర్తిగా తిరిగి రావాలంటే దాణా ఒక శాతం, అంటే 240 గ్రాములు ఆదా కావాలి. మోతాదు రెండు కిలోలైతే రెండు శాతం ఆదా కావాలి. శుభ్రమైన కొట్టాల్లో జరిగిన ప్రయోగాల్లో ఈపాటి తేడా కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు.

అదే పదార్థాన్ని మొదటి ఎనిమిది వారాలకే పరిమితం చేస్తే లెక్క మారుతుంది. అప్పటివరకు పక్షి నాలుగు కిలోల దాణా తింటుందనుకొంటే దాని ఖర్చు ఒక రూపాయి 60 పైసలే. వంద పిల్లలకు 160 రూపాయలు. వందలో ఒక్క పిల్ల అదనంగా బతికినా ఆ ఖర్చు తిరిగి వచ్చినట్టే. ఆరు వారాల్లో అమ్మే బ్రాయిలర్‌కు ఆద్యంతం వాడమనే సలహాను నెలల తరబడి పెరిగే టర్కీకి యథాతథంగా ఇవ్వకూడదనడానికి ఇంతకన్నా సులభమైన నిదర్శనం లేదు.

విద్యార్థులు తమ పరిశోధన వ్యాసాల్లో ఈ తేడాలను కొలిచే తీరు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. బరువుల్లో సహజ వ్యత్యాసం పది శాతం ఉన్న మందలో ఐదు శాతం తేడాను ఎనభై శాతం నమ్మకంతో పట్టుకోవడానికి వర్గానికి సుమారు 64 పక్షులు సరిపోతాయి. ఒక శాతం తేడాను పట్టుకోవాలంటే వర్గానికి సుమారు 1,600 పక్షులు కావాలి. మేత మార్పిడి నిష్పత్తిని గది మొత్తానికి కొలుస్తారు గనుక అక్కడ గదుల సంఖ్యే లెక్కకు వస్తుంది. ముప్పై పక్షులతో ప్రయోగం చేసి ‘తేడా లేదు’ అని తేల్చడమూ, గణాంకపరంగా నిలవని స్వల్ప తేడాను ‘మెరుగుదల’ అని ముగింపులో రాయడమూ రెండూ పొరపాట్లే. అటువంటి వాక్యమే తరువాత సంచి మీద ప్రకటనగా అచ్చవుతుంది.

జరగవలసినది

రైతులు ఎదురుచూడలేరనీ, పరీక్షలు ముగిసేలోగా యాంటీబయోటిక్ వాడకం సాగుతూనే ఉంటుందనీ కొందరు వాదించవచ్చు. ఈ వాదంలో బలం ఉన్నది. ప్రీబయోటిక్ వల్ల హాని దాదాపు లేదు గనుక తొందరపడి వాడినా పెద్ద నష్టం ఉండదన్నది కూడా నిజమే. అయితే ఫలితం ఇవ్వని చోట సిఫారసు చేస్తే కలిగే నష్టం ధనంతో ఆగదు. ‘కొత్త పొడి వేశాము, పిల్లలు చచ్చాయి’ అన్న అనుభవం పొందిన రైతు మళ్లీ పాత యాంటీబయోటిక్ పొడికే చేరుతాడు. ఆపై విస్తరణాధికారి చెప్పే ఏ మాటనూ నమ్మడు. యాంటీబయోటిక్ మానిపించడమే లక్ష్యమైతే, దాని ప్రత్యామ్నాయాన్ని జాగ్రత్తగా ప్రవేశపెట్టడం ఆ లక్ష్యంలో భాగమే.

అందుచేత సిఫారసుకు ఒక వరుస ఉండాలి. మొదట పిల్లల వెచ్చదనం, నీరు, తొలి 15 రోజుల తినిపింపు. తరువాత దాణా దినుసుల తేమ, బూజు పరీక్ష. ఆపై పొడి పరుపు, కోళ్ల నుంచి వేరుగా పెంపకం. ఇవి సక్రమంగా ఉన్న ఫారంలో మాత్రమే, తొలి ఎనిమిది వారాలకు, పదార్థం పేరు, మోతాదు స్పష్టంగా రాసి ప్రీబయోటిక్ సూచించాలి. అదే మందలో సగాన్ని ప్రీబయోటిక్ లేకుండా ఉంచి, చనిపోయిన పిల్లల సంఖ్య, తిన్న దాణా, అమ్మిన బరువు అనే మూడు అంకెలను రైతు చేతనే రాయించాలి. ఇటువంటి ఇరవై ఫారాల లెక్కలు ఒకచోట చేరితే, ఏ ఒక్క ఫారమూ విడిగా చెప్పలేని సంగతి తెలిసివస్తుంది.

పరిశోధన సంస్థల వంతు మరొకటి. టర్కీ మందలు తక్కువ గనుక దాణా పదార్థాల తయారీదార్లు వాటికోసం ప్రత్యేక ప్రయోగాలు చేయడంలో లాభం చూడరు. ఈ పని ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలే చేయాలి. బరేలీ సమీపంలోని ఇజ్జత్‌నగర్ పక్షి పరిశోధన సంస్థ, తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం టర్కీ జాతుల అభివృద్ధిలో పనిచేశాయి. నందనం టర్కీ-1 తమిళనాడు వాతావరణం కోసం రూపొందినదే. దక్కను వేసవిలో, ఇక్కడి మొక్కజొన్న, సోయా, వేరుశనగ చెక్క దాణాతో, పాలనీరు, విరుగుడు, ఈస్ట్ మన్నాన్, ఇన్యులిన్ అనే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే ఒకే ప్రయోగాన్ని హైదరాబాదు సంస్థలు కలిసి చేపట్టవచ్చు. పెంపకం రాజేంద్రనగర్‌లో, మాంసంపై సాల్మొనెల్లా పరిశీలన చెంగిచెర్లలో, దాణాలోని బూజు విషం నుంచి తినేవారి ఆరోగ్యం దాకా పరిశీలన తార్నాకలో జరిగితే, ఒక పక్షి కథ పొదుగు యంత్రం నుంచి పళ్లెం దాకా ఒకే నివేదికలో నమోదవుతుంది.

మందు అక్కరలేని పెరుగుదల అన్నది కోరదగిన గమ్యం. ఒక తెలుగు శాస్త్రవేత్త నడిపిన ప్రయోగశాలలో మొదలైన యాంటీబయోటిక్ దాణా యుగం ముగింపుకు వస్తున్న వేళ, దాని స్థానంలో ఏమి రావాలో తేల్చే సామర్థ్యం తెలుగు నేల మీది సంస్థలకు ఉన్నది. ఆ నిర్ణయానికి ఆధారం రైతు కొట్టంలో రాసిన మూడు అంకెలు, ప్రయోగశాలలో సరిపడినన్ని పక్షులతో జరిగిన పరీక్ష కావాలి. అవి చేతికి వచ్చేవరకు విస్తరణ శాస్త్రవేత్త టర్కీ రైతుకు ధైర్యంగా చెప్పగలిగిన సలహా ఒకటున్నది: బూజులేని దాణా, పొడి పరుపు, పూటపూటకూ కడిగిన తొట్టి, మొదటి పదిహేను రోజులు పిల్ల పక్కన మనిషి.